దామెన ముడి

సోమవారం పొద్దున తొమ్మిదింటికి బస్టాండు దగ్గరి పంచాయితీ గదిలోని పబ్లిక్ ఫోను నుంచి ఒక ఆడగొంతు పాలమూరు కావాలంది. టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరు లాడ్లీ బేగం చీటీ రాసుకుంది. పేరు జానమ్మ. కావలసింది జిల్లా పశువుల దవాఖాన. మామూలు కాల్, అర్జెంటుది కాదు.

"జర ఆగమ్మా, లైను దొరకంగనే పిలుస్త."

"మంచిదమ్మా, ఈడనే ఉంట," అంది గొంతు.

ఆ గొంతులో తొందర వినిపించింది గానీ చిరాకు లేదు. లాడ్లీ బేగం చీటీని వరసలో అందరికంటే ముందు పెట్టింది. అప్పటికి ఆ వరసలో ఉన్నది అదొక్కటే.

జడ్చర్లకూ కొత్తకోటకూ నడుమ రోడ్డు మీద ఉన్న ఆ ఊరికి మొత్తం యాభై ఫోన్లు. ఊరు దాటి బయటికి పోయే లైన్లు మాత్రం రెండే, ఒకటి పాలమూరుకు, ఒకటి జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు. యాభై మంది ఆ రెండు దారుల్లోనే పోవాలి. లాడ్లీ బేగం ముందున్న చెక్క బోర్డు బీరువా అంత ఉంటుంది. దాని మీద రూపాయి బిళ్లంత ఇత్తడి మూతలు యాభై. ఊళ్లో ఎవరైనా ఫోను పిడి తిప్పితే వాళ్ల మూత టప్పున పడుతుంది. ఆమె చూసి, తాడు గుచ్చి, "నంబర్ ప్లీజ్" అంటుంది. ఆ యాభైలో పన్నెండు మూతలకు ఎర్ర రంగు. ఎర్ర మూత పడితే బోర్డు వెనక గంట కూడా గణగణా మోగుతుంది. ఎర్రమూత వాళ్లకు మాట ముందు, లైను ముందు. మిగతా ముప్పై ఎనిమిదీ వాళ్ల తర్వాతే. రూలు అది. రూలు కాయితం గోడకు అద్దాల ఫ్రేములో దేవుడి పటంలా వేలాడుతుంటుంది. దానికి అగరొత్తులు వెలిగించకపోవడం ఒక్కటే తక్కువ.

ఆ కాయితానికి పూజారి రఘుపతి సారు. ఎక్స్చేంజి ఇన్‌చార్జి. వెనక కుర్చీలో కూచుని ఏ తాడు ఎప్పుడు గుచ్చిందీ, ఎప్పుడు తీసిందీ రిజిస్టర్లో రాసుకుంటాడు. మంచివాడే. ఎవరి మీదా గొంతు లేపడు. గొంతు లేపకుండానే రూలు నడిపిస్తాడు, అదే కష్టం.

పదిన్నరకు పాలమూరు లైను ఖాళీ అయింది. లాడ్లీ బేగం జానమ్మ చీటీ చేతిలోకి తీసుకుంది. తాడు లైనుకు గుచ్చి పిడి తిప్పబోతుండగా గంట మోగింది. భద్రయ్య సేటు పల్లి మిల్లు. వెనక నుంచి రఘుపతి సారు చిన్నగా దగ్గాడు.

"బేగం, గంట."

ఆమె తాడు పీకి సేటుకు గుచ్చింది. సేటు పాలమూరులో పల్లినూనె ధర అడిగాడు. పావుగంటకు సేటు గోదాము, గంట. ఆ తర్వాత సేటు ఇల్లు. ఆ తర్వాత సేటు తమ్ముడి ఇల్లు. పన్నెండు ఎర్రమూతల్లో నాలుగు ఆ ఇంటివే. మిగతావి ఠాణా, దవాఖాన, బ్యాంకు, తాలూకా ఆఫీసు, అట్లాంటివి. మధ్యాహ్నం రెండయ్యేసరికి జానమ్మ చీటీ తొమ్మిది సార్లు చేతిలోకి వచ్చి తొమ్మిది సార్లూ తిరిగి వరసలోకి పోయింది. దాని మూల మడత పడిపోయింది.

రెండున్నరకు గడప దగ్గర ఎవరో నిలబడ్డారు. ముసురుకు తల మీద గొంగడి కప్పుకున్న నలభై ఏళ్ల మనిషి. మోకాళ్ల దాకా బురద. చేతిలో కదురు తిరుగుతూనే ఉంది, నల్ల ఉన్ని సన్నటి దారమై దిగుతూనే ఉంది. లోపలికి రాలేదు. గడప మీద కూచుంది.

"బీబమ్మా, నేను జానమ్మను. పొద్దున చేసిన గద, పాలమూరుకు."

"దొరుకుతలేదమ్మా," అంది లాడ్లీ బేగం. ఎదుటి మనిషి కళ్లు చూసి చెప్పలేక బోర్డును చూస్తూ చెప్పింది. "మంది ఎక్కువున్నరు."

"పొద్దున నా ముంగట ఎవ్వరు లేకుండె. పంచాయితీ మల్లన్న తాళం తీసుడుతోనే చేసిన."

గంట మోగింది. సేటు గోదాము. లాడ్లీ బేగం లేచి గుచ్చి మళ్లీ కూచుంది. జానమ్మ కదురు ఆపి అంతా చూసింది.

"గా ఎర్ర మూతలోళ్లకు ముందుగాలనా?"

"ఔ."

"నాది?"

"నువ్వు చేసిన ఫోనుది ఇత్తడిది."

జానమ్మ తల ఊపింది. ఆ ఊపులో కోపం లేదు. రోడ్డు మీద లారీకి దారిచ్చి మందను పక్కకు తోలుకునే మనిషి ఆమె. పెద్ద బండి ముందు పోతుందని ఆమెకు ఒకరు చెప్పక్కరలేదు.

"ఏమైంది గొర్లకు?" అని లాడ్లీ బేగమే అడిగింది.

"చిటుకు రోగమమ్మా. ఆరుద్ర వానలకు పచ్చిక లేసింది. ఆశకొద్ది మేసినయి. మంచిగ మేసుకుంట మేసుకుంట ఒక్కపారి ఎగిరిపడ్తది, గంతే. మొన్న రెండు, నిన్న మూడు. బలిసిన పిల్లలే పోతున్నయి." దారాన్ని కదురుకు చుట్టింది. "సూదిమందు పాలమూరుకు వస్తదట. వచ్చిననాడు ఫోను చేస్తే మంచుగడ్డలల్ల పెట్టి నాలుగింటి బస్సుకు పంపుత అన్నడు డాక్టరు. ఈడ మన కాంపౌండరు పొడుస్త అన్నడు. శనివారం నేనే పోయిన. ఇంక రాలేదన్నడు."

"మళ్ల పోరాదు?"

"మా ఆయన పర్వతాలు ఒక్కడే ఉన్నడు మంద కాడ. రోగం రాకముందు నూటిరవై జీవాలుండె. పిల్లలకు పాలు తాపుడు, పోయినదాన్ని దూరం ఈడ్సి పూడ్సుడు, అన్ని నావే. పోతే దినం పోతది. మందు రాకుంటే దినం ఉత్తగ పోతది. ఫోనైతే ఒక్క మాటనే గద అని."

ఒక్క మాటే. వచ్చిందా, రాలేదా. సేటు ఇంట్లోంచి ఇప్పుడే ఆయన తమ్ముడు బావమరిదితో క్రికెట్ గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు.

"గా ఎర్రది ఇంకొకటి పెట్టరాదు మా పంచాయితీ ఫోనుకు?" జానమ్మ ఊరికే అడిగినట్టు అడిగింది.

"బోర్డు ఎన్కాల పన్నెండు స్క్రూలే ఉన్నయమ్మా. ఒక్కొక్క ఎర్రమూత వైరు ఒక్కొక్క స్క్రూకు కట్టుంటది. ఆడికెళ్లి గంటకు పోతది. పదమూడోదానికి జాగా లేదు."

జానమ్మ నవ్వింది. పొద్దుటి నుంచి మొదటిసారి.

"గూటాలు లేకుంటే దామెన వేస్తం గద."

"అంటే?"

"నాకు ముప్పై గొర్రెపిల్లలున్నయి. ముప్పై గూటాలు యాడికెళ్లి తేవాలె? పొడుగు తాడుకు వరసగ ఉచ్చులు వేస్తం. పిల్లకొక ఉచ్చు. తాడుకొన తీస్కపోయి ఒక్క గూటానికి కడ్తం. దామెన అంటే గదే. ఏ పిల్ల అరిసిందో కండ్లకు కనవడనే పడ్తది, గూటంతోటి ఏం పని?"

మళ్లీ గంట మోగింది. లాడ్లీ బేగం బోర్డు వైపు తిరిగింది. తిరిగేసరికి రఘుపతి సారు రిజిస్టరు మీద నుంచి తల ఎత్తి గడప వైపు చూస్తున్నాడు.

అయిదింటికి పంచాయితీ గదికి తాళం పడింది. లాడ్లీ బేగం చీటీ మీద ఎర్ర పెన్సిలుతో 'లైను దొరకలేదు' అని రాసింది. జానమ్మ లేచి గొంగడి దులిపింది. "పోయొస్త బీబమ్మా, గొర్లు మళ్లే యాళ్లయింది," అని చెప్పి మరీ పోయింది.

మంగళవారం పబ్లిక్ ఫోను మూత పడినప్పుడల్లా లాడ్లీ బేగం ఆ గొంతు కోసం వెతుక్కుంది. రాలేదు. సాయంత్రం అయిదింటి పాలమూరు బస్సు దిగి జానమ్మ నేరుగా ఎక్స్చేంజికే వచ్చింది. చేతిలో ఆకుపొట్లం. గడప మీద అదే చోట కూచుంది. ఈసారి కదురు లేదు.

"తెల్లారి రెండు పోయినయి. ఉండబట్టలేక నేనే పోయిన. నిన్న పగటీలి వచ్చిందటమ్మా మందు. మాపటికల్ల అయిపోయిందట. ఫోను చేసినోళ్లకందరికి పంపిండట."

లాడ్లీ బేగం చేతిలోని తాడు చేతిలోనే ఉండిపోయింది. నిన్న పగటీలి అంటే పాలమూరు లైనులో క్రికెట్ నడుస్తున్న వేళ.

"మళ్ల బేస్తారం వస్తదట. పది గంటల లోపల ఫోను చెయ్యి, నీ పేరుమీద తీసి పెడ్త అన్నడు డాక్టరు. పాపం మంచోడు." జానమ్మ పొట్లం విప్పింది. నేరేడు పండ్లు. "తిను బీబమ్మా. బస్టాండ్ల అమ్ముతుండె."

"నాకెందుకమ్మా? నీ పని నేను చేసి పెట్టకపోతి."

"నువ్వేం జేస్తవు? గంట మోగె, నువ్వు లేస్తివి. నిన్న పొద్దంత కూసోవెట్టుకొని మాట్లాడినవు. గంతసేపు నా గొర్ల ముచ్చట ఎవరింటరు?"

జానమ్మ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది లాడ్లీ బేగంకు. తిడితే తిరిగి ఒక మాట అనవచ్చు, రూలు మీదికి తోసెయ్యవచ్చు. పండ్లు చేతిలో పెట్టి పోయే మనిషిని ఏం చేస్తాం? తప్పు తనది కాదంటే లోపలి మనసు ఒప్పుకోలేదు. ఒక్కొక్క పండే తింది. రాత్రి అన్నం దగ్గర కూచున్నా నాలుక ఊదాగానే ఉంది.

బుధవారం పొద్దున రఘుపతి సారు రాగానే ఆమె నిలబడే అడిగింది.

"సార్, పబ్లిక్ ఫోనును ఎర్రదాంట్ల పెడదాం."

"జాగా లేదు గద బేగం."

"సేటోళ్లవి నాలుగున్నయి. ఒకటి తీసేస్తే..."

రఘుపతి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే జవాబు 'లేదు' అని ఎక్స్చేంజి అంతటికీ తెలుసు. ఎక్స్చేంజి అంతా అంటే వాళ్లిద్దరే.

"గా పన్నెండు పేర్లకు పన్నెండు కాయితాలు వచ్చినయి పైనుంచి. ఎక్కించుడు ఉంటది గాని దించుడు ఉండదు. ఒక్క పేరు కొట్టేస్తే రేపు నన్ను కొట్టేస్తరు. నీది ఇంక పర్మినెంటు గాలే. ఎన్క తలుపు తెరుసుడు మెకానిక్ పని, ఆపరేటరుది గాదు. మనకెందుకు చెప్పు?"

"దించుడు ఒద్దు సార్. ఎవ్వర్ని దించకుండనే..."

గంట మోగింది. మాట అక్కడే తెగింది.

ఒంటిగంటన్నరకు సారు అన్నానికి ఇంటికి పోయాడు. గంట టైము. లాడ్లీ బేగం అయిదు నిమిషాలు కూచుంది. తర్వాత మిల్లుకు ఫోను కలిపి భద్రయ్య సేటును అడిగింది.

"సేటూ, మీ నాలుగు ఫోన్ల గంట వైర్లు నాలుగు స్క్రూలకున్నయి. నాలుగింటిని కలిపి ఒక్కదానికి కడ్త. మీకేం ఫరక్ పడది. మూతలు ఎర్రవి ఎర్రయే."

"గంట మోగుతదా?"

"మోగుతది."

"ఎవరు చేసిండ్రో నీకు ఎర్కయితదా?"

"ఏ మూత పడ్డదో కండ్లకు కనవడ్తది గద."

"మరి నన్నెందుకు అడుగుతున్నవమ్మా? నాకు గంటతోటి పని గాని స్క్రూతోటి ఏం పని?" సేటు నవ్వాడు. "నేను నాలుగు స్క్రూలు మింగి కూసున్నట్టు నాకే తెల్వది." ఫోను పెట్టేశాడు.

ఎంత సులువు! ఆరేళ్లుగా జాగా లేదు, జాగా లేదని గోడకు వేలాడుతున్న మాట. జాగా మింగిన మనిషికే ఆ సంగతి తెలియదు. అడిగిన వాళ్లూ లేరు.

ఆమె సంచిలోంచి కటింగ్ ప్లయరు తీసింది. దాని పిడికి నల్ల టేపు చుట్టి ఉంటుంది. ఈ ఎక్స్చేంజిలోనే లైన్‌మెన్‌గా పనిచేసి చనిపోయిన ఆమె భర్త గులాం నబీ చుట్టిన టేపు. ఆయన పోయాకే ఈ కొలువు ఆమెకు వచ్చింది. వెనక తలుపు గొళ్లెం తీసింది. లోపల దుమ్ము వాసన, వేడి లక్క వాసన. కింద నుంచి పైకి వైర్లు జడలు జడలుగా పోతున్నాయి. జానెడుకొక చోట మైనం పూసిన దారంతో ముడి. అన్నీ ఒకే చేతి ముడులు. ఆమె ఆ చేతిని గుర్తుపట్టింది. ఇంట్లో గోనెసంచుల మూతికి కూడా ఆయన అదే ముడి వేసేవాడు. ఒక్క నిమిషం వేలు దాని మీద పెట్టి తర్వాత పనిలో పడింది.

అడుగున నల్లటి పట్టీ మీద పన్నెండు ఇత్తడి స్క్రూలు. నాలుగు నుంచి ఏడు దాకా సేటువి. నాలుగు వైర్లూ విప్పింది. మూరెడు రాగితీగ తీసుకుని జానమ్మ చెప్పినట్టే నాలుగు చోట్ల చిన్న ఉచ్చులు తిప్పింది. ఒక్కొక్క ఉచ్చులో సేటు వైరు ఒక్కొక్కటి దూర్చి ప్లయరుతో నొక్కింది. తీగ కొస నాలుగో స్క్రూకు బిగించింది. అయిదు, ఆరు, ఏడు ఖాళీగా మెరిశాయి. అంత జాగా ఒక్కసారి చూసేసరికి ఆమెకు నవ్వొచ్చింది. పబ్లిక్ ఫోను మూతకు కొత్త వైరు కలిపి, తెచ్చి, అయిదో స్క్రూకు కట్టింది.

మూతకు ఎర్ర రంగు ఎక్కడ దొరుకుతుంది? బల్ల సొరుగులో కవర్లకు సీలు వేసే లక్క ఉంది. అగ్గిపుల్ల గీసి లక్కను కరిగించి ఇత్తడి మూత మీద ఒక చుక్క వేసింది. బొటనవేలితో ఒత్తింది. వేలు చుర్రుమంది. మూత మీద ఆమె వేలిముద్ర ఎర్రగా పడింది.

సారు వచ్చేసరికి తలుపు మూసి ఉంది. ఆయన కుర్చీలో కూచుని నెలవారీ లెక్క కాయితం ముందు వేసుకున్నాడు. ఏ ఫోను నుంచి ఎన్ని కాల్సు అడిగారు, ఎన్ని ఇచ్చాం అని నింపాల్సిన కాయితం. సాయంత్రం దాకా అదే కాయితం ముందు వేసుకుని కూచున్నాడు. లక్క చుక్కను చూశాడో లేదో ఆమెకు తెలియలేదు.

గురువారం తొమ్మిదింటికి ఠాణా నుంచి కానిస్టేబులు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు.

"ఇరవై నిమిషాల సంది పిడి తిప్పుతున్నం. పలికే దిక్కు లేదు! ఎస్సై సాబ్ గరమైతుండు. గీ కాయితం మీద రాసిస్తవా ఏందమ్మా జవాబు?"

లాడ్లీ బేగం బోర్డు చూసింది. ఠాణా మూత పడి ఉంది. గంట మోగలేదు. తను హైదరాబాదు చీటీలు వరస పెడుతూ గంట కోసమే చెవి పెట్టుకుని కూచుంది. ఎర్రమూతకు గంట మోగుతుందనే నమ్మకంతో కళ్లు బోర్డు మీద పెట్టలేదు. ఠాణాది మూడో స్క్రూ. నాలుగోదాన్ని విప్పేటప్పుడు ప్లయరు దానికి తగిలి ఉంటుంది.

రఘుపతి సారు లేచాడు. ఏమీ అడగకుండా వెనక్కి పోయి గొళ్లెం తీశాడు.

తలుపు తీసిన చప్పుడు తర్వాత ఇంకే చప్పుడూ లేదు. ఆమె కుర్చీలో బిగుసుకుని కూచుంది. కొలువు పోతే ఏమిటన్న ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన తోసుకొచ్చింది. ఇవాళ బేస్తారం. పది లోపల. ఆయన ఇప్పుడు ఆ వైరు పీకేస్తే?

"స్క్రూడ్రైవరియ్యి," అన్నాడు లోపలి నుంచి.

ఇచ్చింది. మూడో స్క్రూ బిగిసిన కిర్రు వినిపించింది. ఆ తర్వాత నాలుగోది. ఆ తర్వాత, ఆమె వింటుండగా, అయిదోది. బిగించిన కిర్రే, విప్పినది కాదు.

"గులాం నబీ ఒక్కొక్క స్క్రూను బిగించి, అన్ని అయినంక మళ్ల ఒక్కపారి మొదటికెళ్లి బిగిస్తుండె," అన్నాడు లోపలి నుంచే. "నువ్వు రెండోసారి మరిచిపోయినవు."

అప్పుడు గంట మోగింది. లక్క చుక్క మూత.

దాని వెంబడే, ఆ మోత ఆగకముందే, భద్రయ్య సేటు మిల్లు మూత కూడా పడింది. ఇద్దరికీ పాలమూరే కావాలని ఆమెకు తెలుసు. చెయ్యి తాడు మీదికి పోయింది గానీ ఎత్తలేకపోయింది. పక్కన కానిస్టేబులు ఉన్నాడు. వెనక నుంచి దగ్గు వస్తుందని చూసింది.

దగ్గు రాలేదు. రఘుపతి సారు దుమ్ము చేతులతో వచ్చి ఆమె భుజం మీదుగా వంగి తనే తాడు తీసుకున్నాడు. ఆరేళ్లలో ఆయన తాడు పట్టుకోగా ఆమె చూడలేదు. పబ్లిక్ ఫోనులో గుచ్చి, రెండో కొస పాలమూరు లైనులో గుచ్చి, తనే పిడి తిప్పాడు.

"ముందుగాల పడ్డ మూత ముందు," అన్నాడు. "రూలు గంతే గద. రెండూ ఎర్రయే." ఫోను ఆమె చెవికి అందించాడు.

"జానమ్మా," అంది లాడ్లీ బేగం. "పాలమూరు మాట్లాడు."

"దొరికిందా! అప్పుడేనా?"

లైను మీద డాక్టరు గొంతు. "ఏ ఊరు?" జానమ్మ ఊరు పేరు, తన పేరు, జీవాల సంఖ్య గట్టిగా, అప్పచెప్పినట్టు చెప్పింది. మందు వచ్చింది. ఉన్న జీవాలన్నిటికీ సరిపడా తీసిపెడతానన్నాడు. నాలుగింటి బస్సు. మొత్తం నిమిషంన్నర. సేటు అంతసేపూ పిడి తిప్పుతూనే ఉన్నాడు. నిమిషంన్నర తర్వాత ఆయన లైను ఆయనకు దొరికింది, నూనె ధర ఎక్కడికీ పోలేదు.

రఘుపతి సారు కానిస్టేబులు కాయితం వెనక రాస్తున్నాడు. రాసింది ఆమెకు కనబడేటట్టే పెట్టాడు. 'గంట పట్టీకి మరమ్మతు జరిగినందున ఉదయం ఇరవై నిమిషాలు గంట మోగలేదు. మరమ్మతు నా ఉత్తర్వు మీదనే జరిగింది.' కింద సంతకం. ఉత్తర్వు తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి బుధవారం తేదీ వేశాడు.

కానిస్టేబులు పోయాక ఆమె నిలబడింది.

"సార్, మీరు..."

"కూసో." ఆయన కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవలేదు, చేతిలో పట్టుకున్నాడు. "నిన్న లెక్క రాస్తుంటి. పబ్లిక్ ఫోనుల పోయిన నెల నలభై ఒక్క మంది అడిగిండ్రు. ఏడుగురికి ఇచ్చినం. గీ కాయితం ఆరేండ్ల సంది నేనే నింపుతున్న బేగం. నింపి, సంతకం పెట్టి, పైకి పంపుడు. చదువుడు ఎన్నడు చెయ్యలే." కొంచెం ఆగి, "సేటుకు చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన సార్. స్క్రూతోటి నాకేం పని అన్నడు."

రఘుపతి సారుకు నవ్వు ఆగలేదు. ఆయన పళ్లు అంత బాగుంటాయని లాడ్లీ బేగంకు ఆ రోజే తెలిసింది.

నాలుగింటి బస్సు అయిదుంబావుకు వచ్చింది. గడపలోకి వచ్చి చూస్తే బస్టాండు దూరంగా కనబడుతుంది. కండక్టరు కిటికీలోంచి ఎర్ర ఫ్లాస్కు అందించడం, జానమ్మ దాన్ని పసిపిల్లలా గొంగట్లో చుట్టుకుని కాంపౌండరు సైకిలు వెనక పరుగులాంటి నడకతో పోవడం ఆమె చూసింది. కాసేపు అట్లాగే నిలబడింది. సారు "గంట" అనే దాకా.

పది రోజుల తర్వాత జానమ్మ వచ్చింది. ముసురు విడిచి ఎండ కాస్తోంది. ఈసారీ గడప మీదే కూచోబోతే రఘుపతి సారే లోపలికి రమ్మన్నాడు.

"ఎన్ని పోయినయమ్మా?"

"మొత్తం పదకొండు సారూ. సూది పడ్డంక మూడొద్దులకు ఒకటి పోయింది, ఆఖరుది. గంతే. నూటతొమ్మిది మంచిగున్నయి. పొద్దున లెక్కవెట్టుకొని వచ్చిన." ఆమె మొహం నిండా వెలుగు. ఒడిలోంచి ఒక ఉండ తీసి లాడ్లీ బేగం చేతిలో పెట్టింది. నల్ల ఉన్ని దారం, గట్టిగా పేనింది, చేతికి గరుకుగా తగిలింది. "సోమారంనాడు ఈడ కూసుండి వడికిందే. నీకేమియ్యాల్నో తెల్వలే. నీ పుణ్యాన మంద మిగిలింది బీబమ్మా."

"నా పుణ్యం గాదు. నువ్వు చెప్పిందే చేసిన." లాడ్లీ బేగం ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "రా, చూపిస్త."

సారు వైపు చూసింది. ఆయన వద్దనలేదు. "తడి చేతులు పెట్టొద్దు," అన్నాడంతే.

వెనక తలుపు తీసింది. నాలుగు ఉచ్చుల రాగితీగ, ఒక్క స్క్రూ. పక్కన పబ్లిక్ ఫోను వైరు. ఆ పక్కన ఇంకా రెండు ఖాళీ జాగాలు. తలుపు లోపలి వైపు సారు కొత్తగా గీసి అంటించిన పటం ఉంది. ఏ వైరు ఎక్కడికి పోతుందో నల్ల సిరాతో. నాలుగో స్క్రూ పక్కన గుండ్రటి అక్షరాలతో 'దామెన. చెప్పినవారు జానమ్మ, గొర్రెల కాపరి' అని రాసి ఉంది. లాడ్లీ బేగం వేలితో ఒక్కొక్క మాటా చూపిస్తూ చదివి వినిపించింది. జానమ్మ చాలాసేపు ఆ అక్షరాల వైపే చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత ఆమె చూపు తీగ మీదికి దిగింది, ముక్కు చిట్లించింది.

"ఉచ్చులు మంచిగనే వేసినవు గాని, గీ కొస గిట్ల ఇడిసిపెడ్తరా? రేపు పెద్ద పిల్ల ఒక్కటి గుంజితే తాడంత వస్తది. దారం ఇటియ్యి."

తను తెచ్చిన ఉన్నిదారమే తీసుకుంది. నాలుగు వైర్లనూ దగ్గరకు చేర్చి, పైన గులాం నబీ వేసిన మైనపు ముడిని ఒకసారి తేరిపార చూసి, దాని కింద రెండు వేళ్లతో తిప్పి తన ముడి వేసింది. లాగి చూసింది. కదల్లేదు.

"ఇగ భయం లేదు," అంది.

పైన ఒకటి, కింద ఒకటి, రెండు ముడులు. లాడ్లీ బేగంకు ఆ రెండు చేతుల మీదా ఒక్కసారే ప్రేమ పుట్టింది.

గంట మోగింది. తల వంచి ముందుకు చూసింది. లక్క చుక్క మూత. ఏ తండా నుంచి వచ్చిన మనిషో, ఏ పని మీద వచ్చారో, బస్టాండు పక్కన నిలబడి పిడి తిప్పుతున్నారు.

"ఎవల పిల్లనో అరుస్తున్నది," అంది జానమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోస్తూ. "పో బీబమ్మా, జల్ది పో."